బరువు తగ్గించిన ప్రయాణం

1910 డిసెంబరు 21న కెనడా ఉత్తరాన, పీల్ నది ఒడ్డున ఉన్న ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి నలుగురు మనుషులు, 15 కుక్కలు, 3 స్లెడ్జి బండ్లు బయల్దేరాయి. ఏడాదిలో అతి పొట్టి పగళ్లుండే రోజులవి. ఆర్కిటిక్ వలయం దాటి ఉన్న ఆ ఊళ్లో ఆ రోజుల్లో సూర్యుడు మొహం చూపించడు. మధ్యాహ్నం దక్షిణపు దిక్కున కాసేపు ఎర్రటి వెలుగు పాకుతుంది, మళ్లీ చీకటి పడుతుంది. వాళ్లు చేరాల్సిన ఊరు డాసన్. 1896లో క్లాండైక్ ప్రాంతంలో బంగారం బయటపడ్డాక రాత్రికి రాత్రి వెలిసిన పట్నం అది. మధ్యలో దాదాపు 760 కిలోమీటర్ల కొండలు, గడ్డకట్టిన నదులు. అన్నీ సవ్యంగా సాగితే సుమారు నెల రోజుల ప్రయాణం.

ఆ నలుగురూ రాయల్ నార్త్‌వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళానికి చెందినవాళ్లు. నాయకుడు ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ జోసెఫ్ ఫిట్జెరాల్డ్. ఆయన వెంట కానిస్టేబుళ్లు జార్జ్ కిన్నీ, రిచర్డ్ టేలర్. దారి చూపడానికి శామ్ కార్టర్ అనే మాజీ కానిస్టేబుల్. ఉత్తరాది ఠాణాలకూ డాసన్‌కూ మధ్య ఉత్తరాలు, ప్రభుత్వ కాగితాలు మోసుకుపోయే ఈ చలికాలపు గస్తీని పోలీసులు 1904-05లో మొదలుపెట్టారు. మామూలుగా అది డాసన్‌లో బయల్దేరి మెక్‌ఫర్సన్‌కు వచ్చేది. ఈసారి మాత్రం దిక్కు మార్చారు. మరుసటి ఏడాది జూన్‌లో లండన్‌లో అయిదో జార్జ్ పట్టాభిషేకం ఉంది. దానికి వెళ్లే పోలీసు బృందంలోకి ఫిట్జెరాల్డ్‌ను ఎంపిక చేశారు. ధ్రువపు అంచున ఉన్న మనిషి లండన్ చేరాలంటే ముందు డాసన్ చేరాలి. అందుకే మెక్‌ఫర్సన్‌లోనే బయల్దేరాడు.

ఫిట్జెరాల్డ్ అనుభవం లేనివాడు కాడు. పోలీసుల్లో చేరి ఇరవయ్యేళ్లు దాటింది. 1897-98లో ఎడ్మంటన్ నుంచి యూకాన్‌కు అడవి దారి వెతుకుతూ సాగిన యాత్రలో పాల్గొన్నాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం చేసి వచ్చాడు. ఆర్కిటిక్ సముద్రంలో తిమింగలాల వేటగాళ్లు చలికాలం గడిపే హెర్షెల్ దీవిలో 1903లో పోలీసు ఠాణా నెలకొల్పింది ఆయనే. చలి అంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకున్న మనిషి కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన కథను తెలివితక్కువవాడి కథగా చెప్పేసి చేతులు దులుపుకోవడం సులువు. అలా చెబితే అందులో మనకు పనికొచ్చేది ఏమీ మిగలదు.

ఉత్తరదేశంలో చలికాలం నెల రోజులు తిరగాలంటే ప్రణాళిక మొదలయ్యేది తిండి దగ్గర. కాళ్లకు స్నోషూలు కట్టుకుని, కుక్కలకు ముందు నడుస్తూ, మెత్తటి మంచును తొక్కి దారి చేసే మనిషికి రోజుకు 5,000 కేలరీల తిండి అయినా పడాలి. పిండి, పంది మాంసం, చిక్కుడు గింజలు, టీ, పంచదార. మనిషికి రోజుకు కిలో, కిలోంపావు వేసుకోవచ్చు. బండి లాగే కుక్కకు రోజుకు కిలో ఎండుచేప కావాలి. 15 కుక్కలకు రోజుకు 15 కిలోలు, 30 రోజులకు 450 కిలోలు. మనుషుల తిండి కలిపితే, ప్రయాణంలో ఒక్కొక్క రోజు ఖరీదు 20 కిలోల బరువు. దీని మీద గుడారం, పొయ్యి, గొడ్డళ్లు, పక్కబట్టలు, తపాలా సంచులు.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, బరువు పెరిగినకొద్దీ కుక్కలు నెమ్మదిస్తాయి. నెమ్మదిస్తే రోజులు పెరుగుతాయి. రోజులు పెరిగితే ఇంకా తిండి కావాలి, అంటే ఇంకా బరువు. ఈ ముడిని విప్పుకోవడానికి ఆ దేశంలో తెలిసిన పద్ధతులు మూడే. దారి పొడుగునా ముందే తిండి దాచి ఉంచడం. దారిలో వేటాడి తినడం. తిండి తగ్గించుకుని, వేగంగా పోయి, అది అయిపోయేలోపు గమ్యం చేరడం. మొదటిదానికి ముందు ఏడాదే పనివాళ్లను పంపాలి. రెండోదానికి ఆ కొండల్లో ఏ మృగం ఏ నెలలో ఎక్కడ ఉంటుందో తెలిసినవాళ్లు వెంట ఉండాలి. ఫిట్జెరాల్డ్ మూడోది ఎంచుకున్నాడు. అంతకుముందు గస్తీలు తీసుకెళ్లినదానికన్నా తక్కువ తిండి, దాదాపు 30 రోజులకు సరిపడా, కట్టించాడు. అందరికన్నా తక్కువ రోజుల్లో ఈ దారి దాటాలన్న కోరిక కూడా ఆయనలో ఉందని ఈ కథ రాసిన చరిత్రకారుల్లో చాలామంది అంటారు.

కాగితం మీద ఈ లెక్కలో తప్పు కనిపించదు. పది రోజుల అదనపు తిండి వదిలేస్తే 200 కిలోల బరువు తగ్గుతుంది, బండ్లు తేలిగ్గా సాగుతాయి. కానీ ఆ 200 కిలోలు దారి తప్పినప్పుడు వెతుక్కునే రోజులు, మంచుతుఫానులో గుడారంలో పడుకునే రోజులు, వెనక్కి తిరగాల్సి వస్తే నడిచే రోజులు. అవేవీ అక్కర్లేదని ధైర్యంగా అనాలంటే ఒక్క సంగతిలో అనుమానం ఉండకూడదు. దారి తెలిసి ఉండాలి.

దారి కార్టర్‌కు తెలుసని నమ్మారు. ఆయన ఆ దారిలో వచ్చిన మాట నిజమే. కొన్నేళ్ల కిందట ఒక్కసారి, అదీ ఎదురు దిక్కున, డాసన్ నుంచి మెక్‌ఫర్సన్‌కు వచ్చాడు. వచ్చిన దారే కదా, తిరిగి పోలేడా అనిపిస్తుంది. ఈ ప్రయాణం మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన చోటు ఇదే. డాసన్ వైపు నుంచి వచ్చేవాడు కొండల నడినెత్తి దాటాక ఫారెస్ట్ క్రీక్ అనే వాగు వెంట దిగుతాడు. ఆ వాగు లిటిల్ విండ్ నదిలో కలుస్తుంది. అది విండ్ నదిలో, విండ్ నది పీల్‌లో, పీల్ తిన్నగా మెక్‌ఫర్సన్ ముంగిటికి. కొమ్మ చివరి నుంచి కిందికి దిగే చీమ ఏ చీలిక దగ్గరా ఆలోచించక్కర్లేదు, ఎలా దిగినా కాండానికే చేరుతుంది. కాండం నుంచి పైకెక్కే చీమకు ప్రతి చీలికా ఒక ప్రశ్నే. కార్టర్ దిగువకు నడిచి చూసిన దారిని ఇప్పుడు ఎగువకు నడిచి వెతకాలి. విండ్ నదిలోకి ఎన్నో వాగులు వచ్చి కలుస్తాయి. చలికాలంలో అన్నీ మంచు కప్పిన తెల్లటి పల్లాలే, అన్నిటి గట్లమీదా అవే పొట్టి స్ప్రూస్ చెట్లు. ఎక్కాల్సినది ఏ వాగు అన్నది ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు ఆ నేల మీదే ఉన్నారు. పీల్ నది ఎగువ ప్రాంతమంతా తేట్లీత్ గ్విచిన్ జనానిది. కారిబూ దుప్పుల మందల వెంట తరతరాలుగా ఆ కొండల్లో తిరిగిన వేటగాళ్లు వాళ్లు. ప్రతి వాగుకూ, ప్రతి కనుమకూ వాళ్ల భాషలో పేరుంది. క్లాండైక్ బంగారం రోజుల్లో గని కూలీలకు మాంసం కొరత వచ్చినప్పుడు, ఈ గ్విచిన్లే కొండలు దాటి డాసన్‌కు వేటమాంసం తీసుకెళ్లి అమ్మారు. అలా వెళ్లివచ్చిన కుటుంబాల వాళ్లకు ‘డాసన్ కుర్రాళ్లు’ అన్న పేరు కూడా నిలిచిపోయింది. మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు దారి పోలీసులకు సాహసయాత్ర. వాళ్లకు సంత దారి.

ఫిట్జెరాల్డ్ బయల్దేరేటప్పుడు ఆ జనంలో ఒక్కరినీ మార్గదర్శిగా పెట్టుకోలేదు. ఇంకో మనిషి అంటే ఇంకో మనిషి తిండి, నెల రోజుల కూలి. బరువు తగ్గించాలని కూర్చున్నవాడికి అది మొదటే కొట్టేయదగ్గ పద్దుగా కనిపించి ఉంటుంది.

మొదటి రోజుల్లోనే మంచు లోతుగా ఉంది. నది మీద ఒక చోట గట్టి మంచు, ఇంకో చోట పైమంచు కింద పారే నీళ్లు. ఆ నీళ్లలో కాలు పడితే వెంటనే ఆగి, నిప్పు రాజేసి, ఆరబెట్టుకోవాలి, లేదంటే వేళ్లు పోతాయి. అలా ఆగిన ప్రతిసారీ గంటలు పోతాయి. క్రిస్మస్ దాటాక పీల్ పాయల దగ్గర గ్విచిన్ల గుడారాలు తగిలాయి. అక్కడ పీల్ నది పెద్ద వంపు తప్పించుకుంటూ కారిబూ బార్న్ కొండ మీదుగా అడ్డదారి ఉంది. ఆ దారి కార్టర్‌కు సరిగ్గా గుర్తులేదు. ఫిట్జెరాల్డ్ ఆ గుడారాల్లోని ఈసా జార్జ్ అనే గ్విచిన్ వేటగాణ్ణి కూలికి పెట్టుకున్నాడు. ఈసా వాళ్లను కొండ దాటించి, అవతల మౌంటెన్ క్రీక్ దగ్గరికి చేర్చాడు. అది 1911 జనవరి 1. ఇక్కడి నుంచి దారి మాకు తెలుసులే అనుకున్నారు. కూలి ఇచ్చి ఈసాను పంపేశారు.

ఆ తర్వాత విండ్ నది మీద చలి ముదిరింది. ఉష్ణమాపకం సున్నాకు దిగువన 50 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయింది. అంత చలిలో ఊపిరి బయటికి రాగానే గడ్డాల మీద గడ్డకడుతుంది. ఒట్టి చేత్తో ఇనుము పట్టుకుంటే తోలు దానికే అంటుకుపోతుంది. అయినా జనవరి 12 నాటికి వాళ్లు ఫారెస్ట్ క్రీక్ ఉండాల్సిన ప్రాంతానికి వచ్చారు. అక్కడ వాగు దొరకలేదు. కార్టర్ ఒక పాయ వెంట పైకి వెళ్లి చూశాడు, అది కాదు. ఇంకో పాయ, అదీ కాదు. ఇలా దాదాపు వారం రోజులు. చూడబోతే అది చిన్న వాగు, నోరు కూడా ఇరుకు. తెలిసినవాడు గుర్తుపడతాడు, తెలియనివాడు దాన్ని దాటి ముందుకు పోతాడు. ఆ వారం రోజుల్లో ఒక్కొక్క రోజూ 20 కిలోల తిండి కరిగింది. ఆ వారానికి కావాల్సిన అదనపు తిండి మొదటి నుంచీ బండి మీద లేదు.

జనవరి 17న ఫిట్జెరాల్డ్ డైరీలో రాసుకున్నది చదువుతుంటే గుండె పట్టేస్తుంది. కార్టర్‌కు ఒక నదికీ మరో నదికీ తేడా తెలియడం లేదని, మిగిలింది నాలుగున్నర కిలోల పిండి, మూడున్నర కిలోల పంది మాంసం, కొన్ని ఎండుచేపలు మాత్రమేనని, తన చివరి ఆశ పోయిందని రాసుకున్నాడు. ఎవరినీ తిట్టలేదు. తప్పు ఎవరిదో తేల్చలేదు. మర్నాడు వెనక్కి తిరిగారు.

వారం ముందే తిరిగి ఉంటే ఏమయ్యేదని అడగబుద్ధేస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం డైరీలోని తిండి లెక్కలే ఇస్తాయి. తిరిగి ఉంటే బతికేవాళ్లని నా నమ్మకం. కానీ వెనక్కి తిరగడానికి ఒక తేదీ ముందే రాసిపెట్టుకోని ప్రయాణంలో తిరిగిపోదాం అన్న మాట అనడం ఎవరి వల్లా కాదు. రేపు దొరుకుతుందేమో అన్న ఆశ ప్రతి ఉదయం కొత్తగా పుడుతుంది. గమ్యం మీద గౌరవం ఉన్నవాడికి అది మరీ ఎక్కువ.

తిరుగు దారిలో కుక్కల్ని ఒక్కొక్కటిగా చంపుకుంటూ వచ్చారు. మొదట కుక్క మాంసం మిగతా కుక్కలకు వేశారు, అవి సరిగ్గా ముట్టలేదు. ఎండుచేపలు కుక్కలకు వేసి, ఆ మాంసం మనుషులు తిన్నారు. వేట చేతికి చిక్కలేదు. ఫిబ్రవరి 5న డైరీ ఆగిపోతుంది. ఆ రోజు మంచు పగిలి ఫిట్జెరాల్డ్ కాలు నీళ్లలో పడింది. 5 కుక్కలు మిగిలాయి. అందరి ఒంటి మీదా తోలు పొరలుపొరలుగా ఊడిపోతోంది. కుక్క కాలేయంలో విటమిన్-ఎ మోతాదు ఎంత ఎక్కువంటే, అది తిన్నవాడి చర్మం ఇలాగే ఊడిపోతుందని తర్వాతి కాలపు వైద్యులకు తెలిసింది. ఆ నలుగురికీ తెలిసే వీలు లేదు.

అటు డాసన్‌లో ఎదురుచూపులు మొదలయ్యాయి. గస్తీ ఆలస్యం కావడం మామూలే కనుక మొదట ఎవరూ కంగారు పడలేదు. ఫిబ్రవరిలో పీల్ నది వైపు నుంచి కొందరు గ్విచిన్లు డాసన్ చేరారు. ఫిట్జెరాల్డ్ దళం ఎప్పుడో బయల్దేరిందని, ఈపాటికి ఇక్కడ ఉండాల్సిందని వాళ్ల మాటల్ని బట్టి తేలింది. ఆ కబురుతో పోలీసు అధికారులకు నిద్ర పట్టలేదు. ఫిబ్రవరి 28న కార్పొరల్ డెంప్‌స్టర్ నాయకత్వంలో వెతుకులాట దళం బయల్దేరింది. ఇద్దరు తోటివాళ్లతో పాటు ఈసారి చార్లీ స్టూవర్ట్ అనే గ్విచిన్ మార్గదర్శి వెంట ఉన్నాడు. అదే చలికాలం, అవే కొండలు, మధ్యలో మంచుతుఫానులు. అయినా 22 రోజుల్లో వాళ్లు మెక్‌ఫర్సన్ చేరారు.

చేరేలోపు చూడకూడనిది చూశారు. దారిలో వదిలేసిన స్లెడ్జి బండి కనిపించింది. ఒక ఖాళీ గుడిసెలో తపాలా సంచులు దొరికాయి. నడవలేని స్థితిలో కూడా ఫిట్జెరాల్డ్ ప్రజల ఉత్తరాల్ని మంచులో పారేయలేదు, భద్రంగా గుడిసెలో పెట్టి వెళ్లాడు. మార్చి 21న, మెక్‌ఫర్సన్‌కు దాదాపు 56 కిలోమీటర్ల దూరంలో కిన్నీ, టేలర్ దేహాలు కనిపించాయి. కిన్నీ ఆకలితో, చలితో పోయాడు. ఆ బాధ తట్టుకోలేని స్థితిలో టేలర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. మర్నాడు, ఇంకా 16 కిలోమీటర్లు ముందుకు వెళితే, కార్టర్, ఫిట్జెరాల్డ్. కార్టర్ ముందు పోయాడు. ఆయన చేతులు గుండెల మీద చేర్చి ఉన్నాయి, మొహం మీద చేతిరుమాలు కప్పి ఉంది. ఆ పని చేసిన ఫిట్జెరాల్డ్ ఆ తర్వాత ఒంటరిగా చనిపోయాడు. జేబులో కాగితం మీద, కాలిన పుల్లతో రాసిన వీలునామా ఉంది. తనకున్నదంతా హాలిఫాక్స్‌లో ఉన్న తల్లికి చెందాలని రాశాడు. ఇంకో 40 కిలోమీటర్లు నడవగలిగి ఉంటే మెక్‌ఫర్సన్ వచ్చేది. మార్చి 28న నలుగురినీ ఆ ఊళ్లోనే ఖననం చేశారు. అయిదో జార్జ్ పట్టాభిషేకం జూన్ 22న జరిగింది.

అధికారుల విచారణలో కారణాలు తేలాయి. తిండి చాలలేదు. సమర్థుడైన మార్గదర్శి లేడు. దొరకని దారి కోసం విలువైన రోజులు పోయాయి. ఆ తర్వాత ఆదేశాలు మారాయి. దారిలో తిండి నిల్వలు పెట్టించారు, ఆశ్రయానికి గుడిసెలు కట్టించారు, స్థానిక మార్గదర్శి లేకుండా ఈ గస్తీ బయల్దేరకూడదన్నారు. 1921లో ఈ గస్తీ ఆగిపోయే వరకూ ఇంకో దళం ఇలా బలికాలేదు.

ఇప్పుడు ఆ కొండల మీదుగా కంకర రోడ్డు ఉంది. 1959లో పని మొదలై 1979లో తెరుచుకుంది. డాసన్ దగ్గర మొదలై మెక్‌ఫర్సన్ మీదుగా ఇనువిక్ దాకా దాదాపు 740 కిలోమీటర్లు. కుక్కల బండ్ల దారి వెంటే చాలా దూరం సాగుతుంది. దాని పేరు డెంప్‌స్టర్ హైవే. డెంప్‌స్టర్ ఆ గౌరవానికి తగినవాడే. చార్లీ స్టూవర్ట్ పేరు కూడా దాని పక్కన ఉంటే న్యాయంగా ఉండేదని నాకనిపిస్తుంది.

ఈ కథ మనకెందుకంటే, ఇవాళ ఎడ్మంటన్, కాల్గరీ, వాంకూవర్‌లలో చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన మన పిల్లలు వేలల్లో ఉన్నారు. చలికాలం సెలవుల్లో ఉత్తరాది ఆకాశంలో ధ్రువకాంతులు చూడాలని, ఈ రోడ్డు మీద కార్లేసుకుని పోవాలని ప్రణాళికలు వేసుకునే కుర్రాళ్లు వాళ్లలో ఉంటారు. వెళ్లండి, చూడదగ్గ నేల అది. కానీ రోడ్డు మొదలయ్యాక ఈగిల్ ప్లెయిన్స్ అనే మజిలీ దాకా సుమారు 370 కిలోమీటర్ల మేర పెట్రోలు బంకు లేదు. దారిలో చాలా భాగం ఫోను పనిచేయదు. పీల్, మెకంజీ నదుల మీద వంతెనలు లేవు. వేసవిలో బల్లకట్టు, చలికాలంలో నది మంచే రోడ్డు. మంచు గట్టిపడే వారాల్లో, కరిగే వారాల్లో ఆ రెండూ ఉండవు. ఈదురుగాలి లేస్తే రోడ్డు రోజుల తరబడి మూసేస్తారు. రెండు అదనపు టైర్లు, కారు ఆగిపోయినా ఒంట్లో వేడి నిలబెట్టే దుప్పట్లు, వారానికి సరిపడా అదనపు తిండి పెట్టుకోండి. వెనక్కి తిరిగే తేదీ ముందే రాసుకుని, ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి. డబ్బు సరిపోదనిపించి ఏదో ఒక పద్దు కొట్టేయాల్సి వస్తే హోటల్ గది కొట్టేయండి, కెమెరా కొట్టేయండి. అక్కడి మనిషికి ఇచ్చే కూలి మాత్రం కొట్టేయకండి.

ఒక సంగతి చెప్పడం మిగిలింది. ఫిబ్రవరిలో డాసన్ చేరి పోలీసులకు కబురు అందించిన గ్విచిన్ల మాట పైన రాశాను. ఫిట్జెరాల్డ్ దళాన్ని జనవరి 1న మౌంటెన్ క్రీక్ దగ్గర చూశానని, అక్కడి నుంచి డాసన్‌కు ఇరవై రోజుల దారి కంటే ఎక్కువ ఉండదని వాళ్లలో ఒకడు చెప్పాడు. ఎవరి దగ్గరో విని చెప్పిన మాట కాదది. ఆ రోజు, ఆ చోట, కూలి పుచ్చుకుని వెనుదిరిగినవాడు తనే. ఈసా జార్జ్ ఆ చలికాలంలోనే, ఆ కొండలే దాటి, డాసన్‌కు క్షేమంగా చేరుకున్నాడు.